రాతికెక్కని యుద్ధం

శ్రీముఖలింగంలో పెరిగినవాళ్లకు చరిత్ర అంటే గోడల మీద కనిపించేదే. మధుకేశ్వరాలయంలో ఎటు చూసినా శాసనాలే. గాంగుల కాలంలో ఎవరైనా స్వామికి అఖండదీపం పెట్టిస్తే, ఆ చిన్న దానం కూడా రాతికెక్కింది. పక్కనున్న పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ పాత లిపిని సొంతంగా నేర్చుకుని చదివారు. మా ఊరే ఆనాటి కళింగనగరమని ఈరోజు గర్వంగా చెప్పుకుంటున్నామంటే అది ఆయన చలవే.

రాతికెక్కని సంగతి కూడా మాకు ఒకటుంది. అది 1944 ఫిబ్రవరి 11న, శుక్రవారం నాడు, సముద్రంలో జరిగింది. మాఘమాసం, శివరాత్రికి ఇంకా రెండు వారాలైనా లేదు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా పుట్టలేదు, మేం విశాఖపట్నం జిల్లా వాళ్లమే.

ఆ సముద్రం మాకు పరాయిది కాదు. మా రేవు కింద పారే వంశధార కళింగపట్నం దగ్గర అందులోనే కలుస్తుంది. బతుకుతెరువు కోసం ఈ ప్రాంతం వాళ్లు ఎందరో ఆ తీరం నుంచే స్టీమరెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లేవారు. 1942 మార్చిలో రంగూన్ జపాను చేతికి చిక్కింది. సముద్రం దారి మూసుకుపోయి, వేలాది మంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద బాంబులు పడ్డాయి. ఆ బాంబుల కథ అందరికీ తెలుసు. రెండేళ్ల తర్వాత నీటి అడుగున జరిగినది మాత్రం ఎవరి నోటా వినబడదు.

పెనాంగ్ స్థావరం నుంచి ఆర్ఓ-110 అనే జపాను జలాంతర్గామి బంగాళాఖాతంలోకి వచ్చింది. కొలంబో నుంచి కలకత్తాకు జేసీ-36 అనే ఓడల బారు కాపలాతో వెళ్తోంది. విశాఖపట్నానికి దక్షిణంగా ఆ జలాంతర్గామి ఈ బారులోని అస్ఫాలియన్ అనే బ్రిటిషు సరుకు ఓడను టార్పెడోతో కొట్టింది. ఓడ దెబ్బతింది. వెంటనే కాపలా ఓడలు వేటకు దిగాయి. యమున పేరు పెట్టుకున్న మన భారత నౌకాదళపు జమ్నా, ఆస్ట్రేలియా వారి ఇప్స్‌విచ్, లాన్సెస్టన్.

నీళ్లలో దాగినదాన్ని పట్టేది చెవే. ఓడ అడుగున ఉండే ఆస్డిక్ అనే పరికరం నీటిలోకి ధ్వనిని పంపుతుంది. అది ఇనుప గోడకు తగిలి తిరిగి వస్తుంది. ధ్వని ఉప్పునీటిలో సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. అంటే రెండు సెకన్లకు ప్రతిధ్వని వచ్చిందంటే శత్రువు కిలోమీటరున్నర దూరంలో ఉన్నట్టు. నదుల నీరు కలిసే బంగాళాఖాతంలో పైపొరకు ఉప్పు తక్కువ. పొర మారినచోట ధ్వని వంగిపోతుంది, దాక్కునేవాడికి అది వరం. పైగా ఓడ సరిగ్గా శత్రువు నెత్తి మీదికి వచ్చేసరికి ప్రతిధ్వని అందదు. అందుకే ఒక ఓడ చెవి ఒగ్గి ఉంటే, మరొకటి మీదికి వెళ్లి పీపాల్లాంటి డెప్త్ చార్జీలను వదులుతుంది. అనుకున్న లోతు చేరగానే నీటి ఒత్తిడికి అవి పేలతాయి. ఆ రోజు మూడు ఓడలూ వాటిని వదిలాయి. ఆర్ఓ-110 మళ్లీ పైకి రాలేదు. అందులోని 47 మందీ చనిపోయారు.

కలకత్తా దారి కళింగపట్నం ఎదుటి సముద్రం మీదుగానే పోతుంది. ఆ దారిని కాచినవారిలో మన దేశపు నావికులున్నారు. నీటి అడుగున ఉండిపోయినవారు శత్రువులే కావచ్చు, వాళ్లకూ ఎదురుచూసే తల్లులున్నారు. ఒక దీపానికే శాసనం వేయించిన ఊరు మాది. కళింగపట్నం లైట్‌హౌస్ దగ్గర ఈ తేదీనీ, ఈ ఓడల పేర్లనూ, ఆ 47 మంది లెక్కనూ చెప్పే రాయి ఒకటి నిలవాలి. అచ్చ తెలుగులో, మా పిల్లలు ఎవరి సాయం లేకుండా చదువుకునేటట్టు.