యక్షుడి కొలను నుంచి పెద్దింట్లమ్మ కొల్లేరు దాకా

ఉత్తర ఐరోపా గాథల్లో ఆల్ఫులనే దివ్యజాతి ఉంది. ఇంగ్లీషు కథల్లో ఎల్ఫులంటే వీళ్లే. ఒకప్పుడు స్వీడన్ పల్లెల్లో వీళ్లకు ఇళ్లలోనే బలులిచ్చేవారు. 1020 ప్రాంతంలో అటు వెళ్లిన సిగ్వత్ అనే కవిని, ఆల్ఫుల బలి జరుగుతోందంటూ ఒక ఇల్లాలు గడప తొక్కనివ్వలేదు. నార్వేలో దిబ్బ కింద పూడ్చిన ఓలాఫ్ రాజును ఆల్ఫుగా కొలిచారని గాథలు చెబుతాయి. వీళ్ల నివాసం ఆల్ఫ్‌హైమ్. ఫ్రేయర్ దేవుడికి పసితనంలో తొలి పన్ను వచ్చినప్పుడు దేవతలు దాన్ని కానుకగా ఇచ్చారని ఒక ప్రాచీన గీతం. క్రైస్తవం స్థిరపడ్డాక, 1220 ప్రాంతంలో, ఐస్‌లాండ్ పండితుడు స్నోరీ వెలుగు ఆల్ఫులను ఆల్ఫ్‌హైమ్‌లోనూ చీకటి ఆల్ఫులను భూగర్భంలోనూ ఉంచాడు. ఇంటి పక్క దిబ్బలో ఉన్నవాళ్లు పుస్తకంలో లోకాంతరవాసులయ్యారు.

మన యక్షగంధర్వులు వీళ్లకు దగ్గరివాళ్లు. కొల్లేటి సీమలో మాత్రం కథ ఎదురు దిశలో, దూరం నుంచి ఇంటికి నడిచింది.

ఏలూరుకు ఉత్తరాన ఉన్న పెదవేగే నాటి వేంగి. 4, 5 శతాబ్దాల్లో అక్కడ ఏలిన శాలంకాయనులు తాము చిత్రరథస్వామి భక్తులమని శాసనాల్లో చెప్పుకున్నారు. భారతంలో చిత్రరథుడు గంధర్వరాజు. వేంగి స్వామిని మాత్రం చరిత్రకారులు ఎక్కువగా సూర్యుడిగానే గుర్తించారు.

తర్వాత వచ్చింది సంస్కృతంలో దండి రాసిన 'దశకుమారచరితం'. ఆంధ్రరాజు జయసింహుడు కళింగ రాజకుమారి కనకలేఖను చెరపట్టాడు. ఆమెను యక్షుడు ఆవహించాడని, మగవాణ్ణి దగ్గరికి రానివ్వడని ప్రచారం పుట్టింది. కథానాయకుల్లో ఒకడైన మంత్రగుప్తుడు సన్యాసి వేషంలో వచ్చి, ఫలానా కొలనులో మునిగితే యక్షుణ్ణి గెలిచే దేహం వస్తుందని రాజును నమ్మించాడు. నీళ్లలోనే అతన్ని చంపి, కొత్త దేహం దాల్చిన రాజునంటూ తానే పైకి వచ్చాడు. ఆ కొలను కొల్లేరేనని పలువురు పండితుల అభిప్రాయం. 13వ శతాబ్దంలో కేతన ఈ కావ్యాన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు.

జనశ్రుతిలో యక్షుడి చోటికి మనిషి వచ్చింది. కొల్లేటికోటలో ఉన్న గజపతి రాజు కోటను పట్టడానికి శత్రువులు సరస్సు నీటిని సముద్రంలోకి వదలాలని ఉప్పుటేరు తవ్వారట. ఆ సందర్భంలో ఒక సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడని, అందుకే ఆ కాలువకు పేరంటాల కనుమ అని పేరొచ్చిందని ఐతిహ్యం. బలైన ఆడపడుచును పేరంటాలుగా కొలవడం తెలుగునేల ఆనవాయితీ. నార్వేలో ఓలాఫ్‌కు దక్కిందీ ఇలాంటి గౌరవమే. ఈనాడు కొల్లేటికోటలో కొలువున్నది పెద్దింట్లమ్మ. ఫాల్గుణంలో జరిగే జాతరకు లంకగ్రామాలు తరలివస్తాయి.

ఆల్ఫులను, యక్షులను, అమ్మవారిని నమ్మిన తరాలన్నీ ఒక మాట ఒప్పుకున్నాయి: ఈ నేలకూ నీటికీ మనకన్నా ముందున్న యజమాని ఉన్నారు. ఆ మాట మరిచిన కాలంలో సరస్సు గర్భంలో చాలా భాగం చేపల చెరువులయింది. 1999లో కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు తెగగొట్టించింది. చట్టం ఒక్కటే చాలదు. అమ్మకు మొక్కే చేతులే అమ్మ కొలువున్న నీటినీ కాపాడాలి.