ఆకలి కలిపిన చుట్టరికం

ఐర్లండెక్కడ, లెబనానెక్కడ! ఒకటి అట్లాంటిక్‌లో వానకు నానే దీవి. మరొకటి మధ్యధరా ఒడ్డున దేవదారుల కొండసీమ. వీటికి చుట్టరికమేమిటంటారా? ఇద్దరూ కరువు కడుపున పుట్టిన అక్కచెల్లెళ్లని నాకనిపిస్తుంది.

1845లో ఐర్లండు బంగాళాదుంపకు తెగులు తగిలింది. పేదవాడి కంచంలో ఉండేది అదొక్కటే. నాలుగైదేళ్లలో సుమారు పది లక్షలమంది పోయారు. దాదాపు అంతమందీ ఓడలెక్కారు. అప్పుడు కూడా అక్కణ్ణుంచి ఇంగ్లండుకు ధాన్యం వెళుతూనే ఉందంటే నమ్ముతారా?

డెబ్బయ్యేళ్లకు, 1915లో, లెబనాన్ కొండలమీద మిడతల దండు వాలింది. ప్రపంచయుద్ధం రోజులు. సముద్రంమీద మిత్రరాజ్యాల దిగ్బంధం, నేలమీద తుర్కుల ఆంక్షలు. ఆ కొండసీమలో దాదాపు మూడోవంతు జనం ఆకలికీ జబ్బులకీ రాలిపోయారు. తెగులూ, మిడతలూ వంక మాత్రమే సుమండీ! గింజకు అడ్డుపడ్డది మనుషులే.

ఈ ఇద్దరికీ అసలైన ఇరుగుపొరుగుతనం 1978లో మొదలైంది. ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో ఐరిష్ సైనికులు దక్షిణ లెబనాన్ చేరారు. తిబ్‌నీన్ ఊళ్లో అనాథాశ్రమానికి ఆసరాగా నిలిచారు. వాళ్ల వెంట తిరిగిన పిల్లలకు ఇంగ్లీషు ఐరిష్ యాసలోనే పట్టుబడిందట! ఆ కొలువులో 45 మందికి పైగా ఐరిష్ సైనికులు ప్రాణాలు విడిచారు. తిబ్‌నీన్‌లో వాళ్లకు స్మారకం వెలిసింది.

కాపలాకని వెళ్లినవాళ్లు అనాథపిల్లల అన్నంసంగతి ఎందుకు పట్టించుకున్నారు? అది ఏ ఉత్తర్వులోనూ లేదే! వాళ్ల తాతముత్తాతల ఆకలే అంతపని చేయించిందంటాను నేను. మీరేమంటారు?