ఇంటికొచ్చి పిలిచిన కోచ్‌లు

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో జట్టు తయారీ కోర్టులో మొదలవదు. హైస్కూల్లో బాగా ఆడే అమ్మాయి ఎక్కడుందో కోచ్ వెతకాలి, ఆమె ఆట చూడాలి, ఉత్తరాలు రాయాలి, చివరికి ఆమె ఇంటికెళ్లి తల్లిదండ్రుల ఎదుట కూర్చుని ‘మీ పిల్లను నాలుగేళ్లు నాకు అప్పగించండి’ అని అడగాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. అమ్మాయి సంతకం చేసేది విశ్వవిద్యాలయం కాగితం మీద. నమ్మేది మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషిని. ఆ మనిషి ఉద్యోగం మారితే ఆ నమ్మకం ఏమవ్వాలన్నది మహిళల బాస్కెట్‌బాల్‌లో యాభై ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న. రిక్రూటింగ్‌ను ప్రాణంగా చూసుకున్న టెనెసీ కోచ్ పాట్ సమిట్ కన్నుమూసి 2026 జూన్ 28కి పదేళ్లు.

1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటను రూపొందించారు. మరుసటి ఏడాదే అక్కడికి దగ్గర్లోని స్మిత్ కాలేజీలో వ్యాయామ విద్య నేర్పే సెండా బెరెన్సన్ దాన్ని తన విద్యార్థినుల చేత ఆడించారు. లిథువేనియాలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా చేరిన బెరెన్సన్ కోర్టును మూడు భాగాలు చేసి ఎవరి హద్దులో వాళ్లే ఆడాలన్నారు, ఎదుటివారి చేతిలోంచి బంతి లాక్కోకూడదన్నారు. 1893 మార్చిలో మొదటి ఏడాది, రెండో ఏడాది అమ్మాయిలు తలపడినప్పుడు హాల్లోకి మగవాళ్లను రానివ్వలేదు. 1896 ఏప్రిల్ 4న స్టాన్‌ఫర్డ్ అమ్మాయిలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అమ్మాయిల మీద 2–1తో గెలిచారు. రెండు కాలేజీల మహిళా జట్ల మధ్య జరిగిన తొలి పోటీ అది.

తర్వాతి మూడు తరాల కథలో చాలా కాలేజీల్లో రిక్రూటింగ్ మాటే లేదు. పోటీ తీవ్రమైతే అమ్మాయిల ఒంటికీ మనసుకీ మంచిది కాదని వ్యాయామ విద్య పెద్దలే తీర్మానించారు. ఎన్నో కాలేజీలు బయటి జట్లతో ఆటలు మానిపించాయి. మిసిసిపీలోని డెల్టా స్టేట్ కాలేజీ 1932లో అమ్మాయిల జట్టును రద్దు చేసినప్పుడు క్రీడాకారిణులు ఏడ్చి తమ యూనిఫాంలను తగలబెట్టారు. వాళ్లలో మార్గరెట్ వేడ్ అనే అమ్మాయి ఉంది. నలభై ఏళ్లకు ఆమె అదే కాలేజీకి కోచ్ అవుతుంది. మిగతాచోట్ల ఆరుగురి ఆటే సాగింది. జట్టులో సగం మంది కోర్టు సగానికి ఇవతలే, మిగతా సగం అవతలే. అయోవా రాష్ట్రపు హైస్కూళ్లు ఆ పద్ధతిని 1993 దాకా వదల్లేదు. కాలేజీల్లో అయిదుగురు పూర్తి కోర్టులో ఆడే విధానం 1971లో స్థిరపడింది.

అదే ఏడాది మహిళల కాలేజీ క్రీడలకు ఏఐఏడబ్ల్యూ అనే సంఘం ఏర్పడింది. దాన్ని నడిపింది మహిళా అధ్యాపకులే. మగవాళ్ల జట్లలో రిక్రూటింగ్ పేరిట జరిగే ప్రలోభాలను వాళ్లు కళ్లారా చూశారు. అందుకే తమ ఇంట్లోకి ఆ జబ్బు రాకూడదని గట్టిగా నిశ్చయించుకున్నారు. ఆటకు స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు. కోచ్ ఊళ్లు తిరిగి అమ్మాయిలను ఒప్పించకూడదు. ఆడాలనుకున్న అమ్మాయే కాలేజీకి వచ్చి తన ఆట చూపించుకోవాలి. ఆ నియమాల వెనుక ఉన్న ఉద్దేశం మంచిదే. కానీ అబ్బాయికి దొరికే చదువు ఖర్చు అమ్మాయికి ఎందుకు దొరకదని 1973లో ఫ్లోరిడా నుంచి ఒక దావా పడింది. స్కాలర్‌షిప్‌ల మీద నిషేధం ఎత్తేయక తప్పలేదు. అంతకు ముందే, 1972 జూన్ 23న, అధ్యక్షుడు నిక్సన్ సంతకంతో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థ స్త్రీ పురుష భేదం చూపకూడదన్న ఆ ఒక్క వాక్యం అమ్మాయిల ఆటను మలుపు తిప్పింది.

కొత్త చట్టానికి మూడు నెలల ముందు తొలి ఛాంపియన్‌షిప్ గెలిచింది పేరున్న విశ్వవిద్యాలయం కాదు, ఫిలడెల్ఫియా దగ్గర సన్యాసినులు నడిపే ఇమాక్యులాటా అనే చిన్న కాలేజీ. కోచ్ క్యాథీ రష్‌కు సీజన్ మొత్తానికి ఇచ్చిన జీతం 450 డాలర్లు. జిమ్ అంతకు కొన్నేళ్ల క్రితమే కాలిపోయింది. ప్రయాణ ఖర్చుల కోసం అమ్మాయిలు టూత్‌బ్రష్‌లు అమ్మారు. అయినా పోటీలు జరిగే ఇల్లినాయ్‌కి ఎనిమిది మందే వెళ్లగలిగారు. అక్కడి ఫైనల్లో, కొద్దిరోజుల క్రితమే తమను 32 పాయింట్ల తేడాతో చిత్తుచేసిన వెస్ట్ చెస్టర్‌ను 52–48తో ఓడించారు. 1973లోనూ 1974లోనూ వాళ్లే విజేతలు. ఆ జట్టులోని థెరిసా షాంక్ ఇల్లు అగ్నిప్రమాదంలో కాలిపోవడం వల్ల దూరం వెళ్లకుండా ఇమాక్యులాటాలో చేరింది. ఆమె తర్వాత థెరిసా గ్రెంట్జ్‌గా రట్గర్స్ విశ్వవిద్యాలయం కోచ్ అయ్యారు. ఆమె సహచరులు మేరియాన్ స్టాన్లీ, రెనే పోర్ట్‌లాండ్ కూడా పెద్ద జట్లకు కోచ్‌లయ్యారు. అమెరికా మహిళా కోచ్‌ల వంశవృక్షంలో ఒక పెద్ద కొమ్మ మొలిచింది ఆ జిమ్ లేని కాలేజీలోనే.

స్కాలర్‌షిప్‌లు వచ్చాక చిన్న కాలేజీలు ఎక్కువ కాలం నిలవలేకపోయాయి. 1973లో జట్టును పునరుద్ధరించిన డెల్టా స్టేట్, వేడ్ శిక్షణలో 1975 నుంచి వరుసగా మూడుసార్లు గెలిచింది. ఆ విజయాలకు మూలస్తంభం పత్తి పొలాల మధ్య పెరిగిన లూసియా హారిస్. ఆమె చదవాలనుకున్న ఆల్కార్న్ స్టేట్‌లో అమ్మాయిలకు జట్టే లేదు. డెల్టా స్టేట్ మనుషులు వచ్చి అడిగాక ఇటు మొగ్గింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మహిళల బాస్కెట్‌బాల్‌లో తొలి బాస్కెట్ వేసింది ఆమే. ఆ అమెరికా జట్టులో ఆమెతో పాటు పాట్ హెడ్ అనే మరో అమ్మాయి కూడా ఆడింది.

పాట్ హెడ్, పెళ్లి తర్వాత పాట్ సమిట్, టెనెసీలో పొలం పనులు చేస్తూ పెరిగారు. 1974లో ఆమెను టెనెసీ విశ్వవిద్యాలయం తీసుకున్నది సహాయకురాలిగానే. హెడ్ కోచ్ సెలవు మీద వెళ్లడంతో 22 ఏళ్ల పాట్ చేతికే జట్టు వచ్చింది. జీతం నెలకు 250 డాలర్లు. వ్యాన్ ఆమే నడిపేవారు, యూనిఫాంలు ఆమే ఉతికేవారు. తొలి ఆట మెర్సర్ చేతిలో ఒక్క పాయింటుతో పోయింది. ఆ తర్వాత 38 సీజన్లు ఆమె అక్కడే ఉన్నారు.

ఈలోగా మగవాళ్ల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మహిళల పోటీలనూ చేతుల్లోకి తీసుకుంది. 1982లో రెండు సంఘాలూ వేర్వేరుగా ఛాంపియన్‌షిప్‌లు జరిపాయి. పాత సంఘం ఆఖరి టైటిల్ గ్రెంట్జ్ శిక్షణలోని రట్గర్స్‌కు, కొత్త సంఘం తొలి టైటిల్ లూసియానా టెక్‌కు దక్కాయి. తర్వాత ఏఐఏడబ్ల్యూ కనుమరుగైంది. డబ్బు, టీవీ, పూర్తికాలపు ఉద్యోగాలు వచ్చాయి. వాటి వెంట మగ కోచ్‌లూ వచ్చారు. బ్రూక్లిన్ కాలేజీ పరిశోధకులు వివియన్ అకోస్టా, లిండా కార్పెంటర్ లెక్కల ప్రకారం 1972లో కాలేజీ మహిళా జట్లలో 90 శాతానికి పైగా మహిళల శిక్షణలోనే ఉండేవి. అన్ని క్రీడలూ కలిపి చూస్తే ఆ వాటా తర్వాత సగం కంటే తగ్గింది. ఆటకు విలువ పెరిగే కొద్దీ దాన్ని పెంచినవాళ్ల చోటు ఇరుకు కావడం ఈ చరిత్రలో అన్నిటికంటే బాధించే విషయం.

1990 నాటికి సమిట్ చేతిలో రెండు జాతీయ టైటిళ్లున్నాయి. ఆ ఏడాది ఫైనల్ ఫోర్, అంటే చివరి నాలుగు జట్లు తలపడే దశ, ఆమె జట్టు సొంత ఊరు నాక్స్‌విల్‌లోనే. ఇంటి ప్రేక్షకుల ముందు ఆడే ఆ అవకాశాన్ని ప్రాంతీయ ఫైనల్లో వర్జీనియా జట్టు అదనపు సమయంలో లాగేసుకుంది. ఆ ఓటమిని ఆమె మర్చిపోలేదు. ఆ సెప్టెంబరులో ఆమె నిండు గర్భిణి. అంతకు ముందు పలుసార్లు గర్భం నిలవలేదు, ఇది ఎంతో ఎదురుచూసిన బిడ్డ. మరోవైపు కోచ్‌లు ఇళ్లకు వెళ్లేందుకు నియమాలు అనుమతించే రోజులు కొన్నే. పెన్సిల్వేనియాలో అలెన్‌టౌన్ పక్కనున్న మకంజీ అనే చిన్న ఊళ్లో మిషెల్ మార్సినియాక్ అనే హైస్కూల్ అమ్మాయి ఉంది. బంతితో సుడిగాలిలా తిరిగే ఆ అమ్మాయి కోసం దేశంలోని పెద్ద జట్లన్నీ పోటీపడుతున్నాయి. సమిట్ ఆగలేదు. సహాయకురాలు మిక్కీ డెమాస్‌ను వెంటబెట్టుకుని చిన్న విమానమెక్కారు.

మార్సినియాక్ ఇంట్లో నొప్పులు మొదలయ్యాయి. మాట్లాడేందుకు వచ్చిన పని మధ్యలో ఆపడం ఆమె స్వభావం కాదు. టెనెసీలో చదువు ఎలా ఉంటుందో, జట్టులో ఏ చోటు దక్కుతుందో చెప్పాల్సింది చెప్పారు. అంతదాకా నిలవలేకపోయింది డెమాసే. తిరుగు విమానంలో నొప్పులు ముదిరాయి. దారిలో వర్జీనియాలో దించమంటారా అని పైలట్లు అడిగారు. మార్చిలో తన జట్టును ఇంటికి పంపిన రాష్ట్రంలో తన బిడ్డ పుట్టడానికి వీల్లేదని సమిట్ ఖండితంగా చెప్పారు. విమానం నాక్స్‌విల్‌లోనే దిగింది. సెప్టెంబరు 21న కొడుకు టైలర్ పుట్టాడు.

ఇంత చేసినా మార్సినియాక్ టెనెసీని ఎంచుకోలేదు. మఫెట్ మెక్‌గ్రా కోచ్‌గా ఉన్న నోటర్ డామ్‌లో చేరింది. ఒక్క సీజన్ ఆడాక మనసు మారింది. అప్పటి నియమం ప్రకారం కాలేజీ మారిన క్రీడాకారిణి ఒక ఏడాది పాటు పోటీల్లో ఆడకూడదు. ఆమె ఆ ఏడాది శిక్షగా భరించి మరీ సమిట్ దగ్గరికి వచ్చింది. ఇంటికొచ్చి బతిమాలిన మనిషి ఆ తర్వాత ఎంత కఠినంగా ఉండేవారో ఒక ప్రసిద్ధ ఫొటో చెబుతుంది. అందులో సమిట్ మార్సినియాక్ జెర్సీ పట్టుకుని ముఖంలో ముఖం పెట్టి కేకలేస్తుంటారు. 1996లో షార్లట్‌లో జరిగిన ఫైనల్లో టెనెసీ 83–65తో జార్జియాను ఓడించింది. ఫైనల్ ఫోర్‌లో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది మార్సినియాకే.

సమిట్ రిక్రూటింగ్ గొప్పదనం ఆ ఒక్క ప్రయాణంలోని సాహసంలో లేదు. ఇంటికెళ్లి ఇచ్చిన మాట తర్వాతి నాలుగేళ్లలో నిలబడేది. ఆమె అమ్మాయిలు తరగతి ఎగ్గొట్టకూడదు, మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. పూర్తికాలం ఆడిన ప్రతి క్రీడాకారిణీ పట్టా పుచ్చుకుంది. 1,098 విజయాలు, ఎనిమిది టైటిళ్ల కంటే తల్లిదండ్రులకు ఇదే ముఖ్యం. న్యూయార్క్ నుంచి షమీక్ హోల్డ్స్‌క్లా, ఇల్లినాయ్ నుంచి క్యాండిస్ పార్కర్ ఆ నమ్మకంతోనే వచ్చారు. కోచ్ కదలరన్న ధీమా ఆ పిలుపులో సగం బలం. సహాయకులు కూడా అంతే: డెమాస్, హాలీ వార్లిక్ ఇద్దరూ 1985 నుంచి ఏళ్ల తరబడి ఆమెతోనే పనిచేశారు.

అదే 1985లో ఇటలీలో పుట్టిన జీనో ఆరియెమా కనెక్టికట్‌కు, టారా వాండర్‌వీర్ స్టాన్‌ఫర్డ్‌కు కోచ్‌లయ్యారు. ముగ్గురూ దశాబ్దాల పాటు ఒకే చోట పాతుకుపోయారు. వైరం కూడా రిక్రూటింగ్ మీదే వచ్చింది. జార్జియా అమ్మాయి మాయా మూర్‌ను కనెక్టికట్ ఆకర్షించిన తీరు నచ్చక 2007లో సమిట్ ఆ జట్టుతో ఏటా ఆడే పోటీని మానేశారు. అది మళ్లీ మొదలయ్యేసరికి 2020 వచ్చింది, సమిట్ లేరు. 2011 ఆగస్టులో ఆమెకు వయసు మీరకముందే అల్జీమర్స్ తరహా మతిమరుపు వ్యాధి వచ్చినట్టు తేలింది. మరుసటి వసంతంలో వార్లిక్‌కు జట్టు అప్పగించి తప్పుకున్నారు.

అందరి కథా అంత స్థిరంగా లేదు. ఓల్డ్ డొమినియన్‌కు మూడు టైటిళ్లు తెచ్చిన మేరియాన్ స్టాన్లీ, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పురుషుల కోచ్‌తో సమాన జీతం అడిగారు. ఒప్పందం కొనసాగలేదు. 1993లో దావా వేసి ఓడిపోయారు. లూసియానా టెక్‌లో పదిహేనేళ్లు సహాయకురాలిగా ఉన్న కిమ్ మల్కీ, అయిదేళ్ల ఒప్పందం ఇవ్వలేదని 2000లో బేలర్‌కు వెళ్లి ఆ అనామక జట్టుకు మూడు టైటిళ్లు తెచ్చారు. 2021లో లూసియానా స్టేట్ విశ్వవిద్యాలయానికి (ఎల్‌ఎస్‌యూ) మారిన రెండో సీజన్‌లోనే, 2023లో, మళ్లీ గెలిచారు. ఆ జట్టులో ప్రధాన తార ఏంజెల్ రీస్ మేరీలాండ్ విశ్వవిద్యాలయం జట్టు వదిలి వచ్చిన అమ్మాయి.

ఇక్కడి నుంచి కథ ఒక వరుసలో నడవదు. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైంది. జట్టు మారదలచుకున్న అమ్మాయి పేరు అందులో చేరితే ఏ కోచ్ అయినా సంప్రదించవచ్చు. 2021 నుంచి ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన అవసరం పోయింది. ఆ ఏడాది జులైలో క్రీడాకారిణులకు తమ పేరు, రూపం మీద డబ్బు సంపాదించుకునే హక్కు వచ్చింది. కోచ్ మారితే ఆ జట్టు వాళ్లు వెళ్లిపోవడానికి అదనపు గడువు కూడా ఇచ్చారు. ఇది న్యాయమే. కోచ్ మర్నాడే మరో ఊరికి వెళ్లిపోవచ్చు, ఆయన్నో ఆమెనో నమ్మి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్ల మాత్రం ఏడాది ఆట పోగొట్టుకోవాలన్న పాత నియమాన్ని సమర్థించడం కష్టం. దానికి మూల్యం కూడా ఉంది: తమ క్రీడాకారిణులనే కోచ్‌లు ప్రతి వసంతంలో మళ్లీ ఒప్పించుకోవాలి.

2024 వసంతంలో 1,216 విజయాలతో వాండర్‌వీర్ తప్పుకున్నారు. స్టాన్‌ఫర్డ్ పగ్గాలు ఆమె పాత శిష్యురాలు కేట్ పే తీసుకున్నా, ప్రధాన క్రీడాకారిణి కికీ ఇరియాఫెన్ దక్షిణ కాలిఫోర్నియాకు మారింది. టెనెసీలో వార్లిక్ 2019లో, ఆమె తర్వాత వచ్చిన కెల్లీ హార్పర్ 2024లో పదవి కోల్పోయారు. ఇద్దరూ సమిట్ దగ్గర ఆడినవాళ్లే. తర్వాత వచ్చిన కిమ్ కాల్డ్‌వెల్‌కు ఆ బంధం లేదు. 2025 జనవరిలో బిడ్డను కన్న ఆమె ఒక్క ఆటకే దూరమై వారానికే మళ్లీ కోర్టు పక్కకు వచ్చారు. అదే నెలలో దక్షిణ కరొలైనా కోచ్ డాన్ స్టేలీకి ఏటా సుమారు 40 లక్షల డాలర్ల కొత్త ఒప్పందం దక్కింది. 1990లో నాక్స్‌విల్ ఆశలకు గండికొట్టిన వర్జీనియా జట్టులో ఆడిన స్టేలీయే ఈమె.

2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ తర్వాత విశ్వవిద్యాలయాలే క్రీడాకారులకు నేరుగా డబ్బు చెల్లిస్తున్నాయి. తొలి ఏడాది పరిమితి ఒక్కో సంస్థకు 2.05 కోట్ల డాలర్లు. అందులో పెద్ద వాటా ఫుట్‌బాల్‌కూ పురుషుల బాస్కెట్‌బాల్‌కూ పోతోంది. ఆ రాజీకి రెండు నెలల ముందు టాంపాలో కనెక్టికట్ 82–59తో దక్షిణ కరొలైనాను ఓడించి పన్నెండో టైటిల్ గెలిచింది. ఆరియెమాకూ, ఆయన సహాయకురాలు క్రిస్ డెయిలీకీ అక్కడ అది నలభయ్యో సీజన్. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చి, మోకాలి గాయంతో ఒక సీజన్ పోయినా అయిదేళ్లు అక్కడే ఉన్న పేజ్ బెకర్స్ ఆ జట్టులో ఉంది. ప్రిన్స్‌టన్‌లో పట్టా తీసుకుని పోర్టల్ ద్వారా ఒక్క ఏడాదికి వచ్చిన కైట్లిన్ చెన్ కూడా తొలి అయిదుగురిలో ఆడింది.