పెంపుడు కుక్కలు, పిల్లుల పోషణ – కోలారు జిల్లా, బంగారు గనుల ప్రాంతం

కర్ణాటక తూర్పు అంచున, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులను ఆనుకొని ఉన్న కోలారు జిల్లాలో పెంపుడు కుక్క, పిల్లి తినే తిండి చాలాకాలం ఇంటివాళ్ల తిండిలోంచే వచ్చింది. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట తాలూకాల తెలుగు ఇళ్లలో అది రాగిసంగటి, సారు, మజ్జిగ. దీనితో కుక్క నెట్టుకురాగలిగింది. పిల్లికి మాత్రం ఇది ఏనాడూ చాలలేదు. ఆ లోటును ఎలుకలు, బల్లులు, పిట్టలు పూడ్చాయి. ఈ తేడా ఎందుకో 20వ శతాబ్దంలో గాని తేలలేదు. అదే శతాబ్దంలో కుక్కల పోషణ పరిశోధనలో ఒక ముఖ్యఘట్టం హైదరాబాదులో జరిగింది.

తొలి ఆధారాలు

కోలారు, అంటే నాటి కువలాలపురం, పశ్చిమ గంగుల తొలి రాజధాని. ఆ వంశపు రెండో బూతుగుని కాలంలో, క్రీ.శ. 949–50లో, నేటి మండ్య జిల్లా ఆతకూరులో వేయించిన శాసనం ‘కాళి’ అనే వేటకుక్కను స్మరిస్తుంది. యుద్ధంలో పరాక్రమం చూపిన మణలేరుడు అనే యోధుడు, ఏ వరం కావాలని రాజు అడిగితే ఈ కుక్కనే కోరుకొన్నాడు. తర్వాత కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడింది. రెండూ ప్రాణాలు విడిచాయి. కుక్క పేర రాయి నిలిపి, దానికి మాన్యం ఇచ్చి, ఆ మాన్యం చూసుకొనే గొరవడు (శైవ పూజారి) రాయికి పూజ చేయనిదే అన్నం తినరాదని కట్టడి పెట్టారు. దక్షిణదేశంలో ఒక కుక్కకు దక్కిన గౌరవాల్లో ఇంత ఉదాత్తమైనది అరుదు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుని ‘మానసోల్లాసం’ వేటకుక్కలకు ఒక ప్రకరణమే కేటాయించింది.

విజయనగర కాలం, పాళెగాళ్ల కాలం, హైదర్, టిప్పుల కాలం గడిచినా పల్లెల్లో కుక్క పళ్లెం పెద్దగా మారలేదు. 1800లో ఈ ప్రాంతం గుండా ప్రయాణించిన ఫ్రాన్సిస్ బుకానన్ రాగి సేద్యాన్ని వివరంగా వర్ణించాడు. రాగులు పాతరలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. గాదెల దగ్గర ఎలుకల్ని పట్టడం పిల్లి పని, దాని భోజనం కూడా అదే.

గనుల కాలం

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ బంగారం తవ్వకంలోకి దిగాక మైసూరు, చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గం గనుల చుట్టూ ఒక పట్టణం పెరిగింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. చిత్తూరు వైపు నుంచి తెలుగువాళ్లు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు పనికి వచ్చి ‘లైన్లు’ అనే కూలీల వరుస ఇళ్లలో కాపురం పెట్టారు. దొరలు, ఆంగ్లో-ఇండియన్ ఉద్యోగులు బంగళాల్లో ఉండేవారు.

కుక్కల తిండిలోనూ ఈ తేడా కనబడేది. నూకల్లో మాంసం తునకలు, ఎముకలు వేసి కుక్క కోసం వేరే ఉడికించడం నాటి ఆంగ్లేయ గృహాల వాడుక. 1880ల చివర ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్ భారతదేశంలోని ఆంగ్లేయ గృహిణుల కోసం రాసిన పుస్తకంలో కుక్కల పెంపకానికి ఒక అధ్యాయం ఉంది. లండన్‌లో జేమ్స్ స్ప్రాట్ 1860లలోనే కుక్క బిస్కెట్లు అమ్మకానికి పెట్టాడు. తయారుచేసి అమ్మే కుక్కతిండి వ్యాపారానికి నాంది అదే. లైన్లలో కుక్కకు దక్కింది మిగిలిన సంగటి, గంజి, ఆదివారం నాటి ఎముకలు.

1898లో బెంగళూరును ఎలుకల ద్వారా వ్యాపించే ప్లేగు ముట్టడించింది. తర్వాత దశాబ్దంలో బేరారు వైద్యాధికారి ఆండ్రూ బుకానన్, పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ప్లేగు తక్కువని వాదించి, పిల్లుల్ని పెంచమని ప్రోత్సహించాడు.

కుక్క నాలుక చెప్పిన శాస్త్రం

1919లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలకు ఓట్స్ మొదలైన ధాన్యాల తిండి పెట్టి, ఇంటిలోపలే ఉంచి, వాటి కాళ్లు వంకర తిరగడం చూపించాడు. కాడ్ చేప కాలేయపు నూనె ఇస్తే ఎముకలు బాగుపడ్డాయి. ధాన్యంలోని ఫైటేటు కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వదని తర్వాత తెలిసింది. రాగులకు ఈ సంగతి నేరుగా వర్తిస్తుంది: 100 గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, బియ్యంలో దానిలో ముప్పయ్యో వంతు కూడా లేదు, అయినా ఆ కాల్షియం అంతా కుక్కపిల్ల ఎముకకు చేరదు. రాగులు మొలకెత్తిస్తే ఫైటేటు తగ్గుతుంది. మరో విషయం 1990లలో తేలింది: కుక్క, పిల్లి చర్మాలు ఎండలో మనిషి చర్మంలా విటమిన్ డి తయారుచేసుకోలేవు. కోలారు ఎండ ఎంత కాసినా ఆ విటమిన్ వాటికి గుడ్డు, కాలేయం, చేపల నుంచే రావాలి.

పిచ్చికుక్క కాటుకు చికిత్స చేయడానికి 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ నెలకొంది. 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ అక్కడే పోషకలోపాల పరిశోధన మొదలుపెట్టాడు. అది పెరిగి పోషణ పరిశోధనాలయంగా మారి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తినే పేదలకు పెల్లగ్రా అనే పోషకలోపపు జబ్బు వచ్చేది. అదే తిండి తిన్న కుక్కలకు నోరు పూసి, నాలుక నల్లబడేది. జోసెఫ్ గోల్డ్‌బర్గర్ 1920లలో ఈ రెండు జబ్బుల బంధుత్వాన్ని పట్టుకొన్నాడు. 1937లో కాన్రాడ్ ఎల్వెజెం కాలేయ సారం నుంచి నికొటినిక్ ఆమ్లం అనే విటమిన్‌ను వేరుచేసి ఆ కుక్కల్ని బతికించాడు. దక్కన్‌లో పెల్లగ్రా జొన్న తినేవాళ్లలో కనబడింది. 1960లో ఈ హైదరాబాదు సంస్థ పరిశోధకులు కొలత్తూరు గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం మీద అనుమానం ప్రకటించారు. 1967లో గోపాలన్, భవాని బెలవాడి బృందం కుక్కపిల్లల తిండిలో లూసిన్ పెంచి నల్లనాలుక జబ్బును రప్పించింది. ఈ సిద్ధాంతంపై తర్వాత వాదోపవాదాలు నడిచాయి. అయినా తెలుగునేల మీద జరిగిన పోషణ పరిశోధనలో ఇది మేలిమి ఘట్టం. మనుషులకు పనికొచ్చిన ఈ జ్ఞానానికి మూల్యం ఆ కుక్కపిల్లలు చెల్లించాయన్నది మరవరానిది.

కుక్క సంగటిని ఎందుకు అరిగించుకోగలదో 2013లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. పిండిపదార్థాన్ని విడగొట్టే అమైలేజ్ జన్యువు ప్రతులు తోడేలులో సాధారణంగా 2, కుక్కలో అంతకు ఎన్నోరెట్లు. అరిగినంత మాత్రాన చాలదు. తిండిలోని పొడిపదార్థంలో మాంసకృత్తులు ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, పిల్లకు 22.5 శాతం ఉండాలని అమెరికా ప్రమాణాలు చెబుతున్నాయి. రాగుల్లో ఉన్నది 7–8 శాతం. అందుకే సంగటితోపాటు గుడ్డో, మాంసమో, చేపో, పప్పూ పాలో చేరాలి.

పిల్లి లెక్క వేరు

పిల్లికి కనీసం 26 శాతం మాంసకృత్తులు కావాలి. అది క్యారెట్టులోని కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చుకోలేదు. ట్రిప్టోఫాన్ నుంచి నికొటినిక్ ఆమ్లం చేసుకోలేదు. అరాకిడోనిక్ ఆమ్లం జంతుకొవ్వు నుంచే పొందాలి. అర్జినిన్ అనే అమైనో ఆమ్లం లేని తిండి ఒక్కపూట తిన్నా దాని ఒంట్లో అమోనియా పేరుకుపోతుందని 1978లో తెలిసింది. టారిన్ అనే పదార్థం కొరవడితే కంటి రెటీనా దెబ్బతింటుందని 1975లో, గుండె సాగి బలహీనపడుతుందని 1987లో నిరూపితమైంది. ఈ రెండోది పాల్ పియన్ బృందం కనుగొన్నది. అంతవరకు నయంకాదనుకొన్న గుండెజబ్బు టారిన్ ఇస్తే తగ్గడం పశువైద్యంలో గొప్ప మలుపు. టారిన్ మాంసంలో, చేపలో ఉంటుంది. ధాన్యంలో, కూరగాయల్లో ఉండదు.

కాబట్టి పాలన్నం, పెరుగన్నం మీద పెరిగే పిల్లి కడుపు నిండినా కృశిస్తుంది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని లాక్టోజు అరగదు కూడా. పాడికి పేరున్న కోలారు జిల్లాలో పిల్లి ముందు పాలగిన్నె పెట్టడం ఆప్యాయతే గాని అది భోజనం కాదు. ఇంటి నుంచి బయటికి పోనివ్వని శాకాహారుల పిల్లికి టారిన్ కలిపిన తయారీ ఆహారం తప్పనిసరి.

గనులు మూతపడ్డాక

గనులు నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. వేలమంది బతుకుతెరువుకు రైలెక్కి బెంగళూరుకు పోయి వస్తున్నారు. ఇదే కాలంలో పెడిగ్రీ, విస్కాస్, డ్రూల్స్ పొట్లాలు రాబర్ట్‌సన్‌పేట లాంటి చిన్న పట్టణాల అంగళ్లదాకా వచ్చాయి. పెడిగ్రీ, విస్కాస్ తయారుచేసే మార్స్ సంస్థ కర్మాగారం తెలంగాణ సిద్దిపేట జిల్లాలో ఉంది. పొట్లం కొనలేని ఇళ్లలో కోడిమాంసం అంగడిలో మిగిలే కాళ్లు, తలలు, కాలేయం ఉడికించి, ఎముకలు తీసేసి సంగటిలో కలపడం చవకైన, మంచి పద్ధతి. ఎముక లేని మాంసం ఒక్కటే పెడితే మాత్రం భాస్వరం ఎక్కువై కాల్షియం తక్కువై కుక్కపిల్లల, పిల్లికూనల ఎముకలు మెత్తబడతాయి. ఉడికిన ఎముక చీలి పేగుల్ని గీరుతుంది, అది పెట్టరాదు.

జిల్లా వంటల్లో, పంటల్లో రెండు ప్రమాదాలున్నాయి. ఉల్లి తిన్న కుక్కలకు రక్తహీనత వస్తుందని అమెరికాలో సెబ్రెల్ అనే పరిశోధకుడు 1930లోనే ప్రకటించాడు; ఉల్లి, వెల్లుల్లి దండిగా వేసిన సారు కుక్కకూ చెడే, పిల్లికి ఇంకా చెడు. రెండోది ద్రాక్ష. 2007 దాకా కోలారు జిల్లాలో భాగమైన చిక్కబళ్ళాపురం వైపు ద్రాక్షతోటలు విస్తారం. ద్రాక్ష, ఎండుద్రాక్ష తిన్న కొన్ని కుక్కల మూత్రపిండాలు పాడవుతాయని 2000 ప్రాంతంలో గుర్తించారు. కారణం టార్టారిక్ ఆమ్లం కావచ్చని 2021లో పశువైద్యులు సూచించారు. ఏ కుక్కకు ఎంత తింటే ముప్పో ముందుగా చెప్పలేం గనుక, తిన్నట్టు తెలిసిన వెంటనే, వాంతులకోసం ఎదురుచూడకుండా, పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.