మెదడు కాండానికి రక్తం: విల్లిస్ నుంచి 1994 చట్టం దాకా

1994 అవయవ మార్పిడి చట్టాన్ని నోట్సులో రాసేటప్పుడు మనలో చాలామంది "బ్రెయిన్ డెత్" అని రాసి ముందుకెళ్తాం. నేనూ అదే చేశాను. చట్టంలో ఉన్న మాట "బ్రెయిన్‌స్టెమ్ డెత్", అంటే మెదడు కాండం మరణం. మెదడంతా ఉండగా కాండమే ఎందుకు?

1664లో ఆక్స్‌ఫర్డ్ వైద్యుడు థామస్ విల్లిస్ మెదడు మీద పుస్తకం వేశాడు. శవాలను కోయడంలో రిచర్డ్ లోయర్ సాయపడ్డాడు. బొమ్మలు వేసినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు, తర్వాత లండన్ సెయింట్ పాల్స్ కట్టింది ఈయనే. విల్లిస్ చూసిన ఒక శవంలో మెడకు ఒకవైపు కరోటిడ్ ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంది. అయినా ఆ మనిషికి పక్షవాతం రాలేదు. మెదడు అడుగున ధమనులు వలయంగా కలుస్తాయి కాబట్టి రక్తం వేరే దారిలో అందింది. భిలాయ్‌లో పెరిగి ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, నాకిది ప్లాంట్లలో కరెంటుకు వేసే రింగ్ మెయిన్‌లా అర్థమైంది. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి వస్తుంది.

కాండానికి ఆ ధీమా తక్కువ. మెడ ఎముకల రంధ్రాల గుండా పైకొచ్చే రెండు వెర్టిబ్రల్ ధమనులు కలిసి ఒకే బేసిలార్ ధమని అవుతాయి. వీటి నుంచి కాండం లోపలికి దిగే సన్నని కొమ్మలు మూసుకుపోతే మరో దారి దాదాపు లేదు. శ్వాసను నడిపే మజ్జాముఖం, మనల్ని మెలకువగా ఉంచే నాడుల అల్లిక ఉన్నది ఇక్కడే. గుండెకు సొంత పేస్‌మేకర్ ఉంది, ఊపిరికి లేదు.

వెంటిలేటర్ వచ్చాకే ఈ తేడా కళ్ళకు కట్టింది. 1959లో, మన భిలాయ్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలైన ఏడాదే, పారిస్‌లో మొల్లారే, గూలాన్ 'కోమాను దాటిన స్థితి'ని వర్ణించారు. తలకు పెద్ద దెబ్బ తగిలి మెదడు వాస్తే పుర్రెలో ఒత్తిడి పెరుగుతుంది, రక్తం పైకెక్కదు. మిషన్ ఊపిరి పోస్తుంటే గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. 1968లో హార్వర్డ్ కమిటీ మొత్తం మెదడు వైపు చూసింది. 1976లో బ్రిటన్ రాయల్ కాలేజీలు కాండం పరీక్షల మీదే నిలబడ్డాయి. మనది బ్రిటన్ దారి.

పాలిటీ వాళ్ళకో మాట: ఆరోగ్యం రాష్ట్ర జాబితా అంశం కాబట్టి కేంద్ర చట్టం 252వ అధికరణం కింద వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంత చట్టం చేసుకుంది.

నిర్ధారించేది నలుగురు డాక్టర్ల బోర్డు. మంచం పక్కన బంధువులకు కనిపించేది లేచిపడే ఛాతీ, మానిటర్ మీద గుండె గీత. అందుకే ఊపిరి పరీక్షకు అంత బరువు. వెంటిలేటర్ తీసి, గొట్టంతో ఆక్సిజన్ ఇస్తూ, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగనిచ్చి, ఛాతీ తనంతట తాను కదులుతుందేమోనని చూస్తారు. కనీసం ఆరు గంటలాగి మళ్ళీ చూస్తారు.