తబలా వెనక నుంచి లేచిన గొంతు

మన కచేరీల్లో తబలా వాయించే మనిషికి ఒక చోటు ముందే నిర్ణయమై ఉంటుంది. గాయకుడి పక్కన కూర్చోవాలి, పాట ఎటు పోతే అటు పోవాలి. అషీమ్ చక్రవర్తి ఆ చోట్లోనే కూర్చుని, చేతులు తబలా మీద పరుగులు తీస్తుండగానే గొంతెత్తి పాడాడు. తాళం వేసేవాడే పాట పాడితే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తాళమే చెబుతుంది. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్ సంగీతంలో కొత్తదనం ఎక్కడుందని ఎవరైనా అడిగితే నేను ముందు చూపించేది ఆ మనిషినే.

అషీమ్, గిటారిస్టు సుస్మిత్ సేన్ ఒకరికొకరు తెలిసింది 1984లో. బ్యాండ్ పుట్టింది 1990లో, ఢిల్లీలో. పేరు పెట్టింది సుస్మిత్ తండ్రి. ఆ రోజుల్లో కాలేజీ పండగల్లో రాక్ బ్యాండ్ అంటే ఇంగ్లీషు పాటల్ని ఉన్నవి ఉన్నట్టు వాయించి చప్పట్లు కొట్టించుకునేదే ఎక్కువ. వీళ్లు సొంత బాణీలే వాయిస్తామన్నారు. సుస్మిత్ గిటారు ఒక్కో స్వరాన్నీ నిలిపి, సాగదీసి, వింటుంటే సరోద్‌కి చుట్టంలా అనిపించేది. 1991లో బేస్ గిటారుతో రాహుల్ రామ్ వచ్చాడు. 1993లో హెచ్‌ఎంవీ ద్వారా వచ్చిన తొలి ఆల్బమ్‌లో చాలావరకు వాద్యాలే వినబడతాయి. 1994లో డ్రమ్స్ మీదికి అమిత్ కీలమ్ చేరాక నలుగురూ కుదిరారు.

తబలా, డ్రమ్స్ ఒకే వేదిక మీద పెట్టడం చెప్పినంత తేలిక కాదు. తబలా జంటలో ఎడమచేతి కిందుండే డగ్గా పలికే లోతైన నాదం దగ్గరే డ్రమ్స్‌లోని పెద్ద డ్రమ్ము కూడా పలుకుతుంది. ఇద్దరూ ఒకేసారి కొడితే ఏదీ స్పష్టంగా వినబడదు. దానికి తోడు బేస్ గిటారు కూడా ఆ మంద్రంలోనే తిరుగుతుంది. ఈ ముగ్గురిలో ఎవరో ఒకరు తగ్గాలి, ఎప్పుడు తగ్గాలో తెలియాలి. వీళ్ల పాటలు వింటుంటే ఆ తగ్గడమే అందంగా వినబడుతుంది: అమిత్ పల్చగా వాయించి తబలాకి చోటిస్తాడు, తబలా పాటను కాస్తున్నప్పుడు బేస్ ముందుకొచ్చి కథ నడుపుతుంది. రాగాన్నీ రాక్‌నీ కలిపేశాం అని చెప్పుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. చాలాసార్లు అక్కడ రెండూ పక్కపక్కన నిలబడి ఉంటాయి, అంతే. ఇక్కడ నిజంగా కలిశాయి. కారణం, ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో కూర్చుని సాధన చెయ్యడం. కరోల్‌బాగ్‌లో ఖజూర్ రోడ్డు మీది పాత ఇల్లు అది.

ఇక మాటలు ఎక్కణ్నుంచి వచ్చాయి? మనుషుల జీవితాల్లోంచి. రాహుల్ రామ్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో పర్యావరణ విషపదార్థాల మీద పీహెచ్‌డీ చేసినవాడు. తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేశాడు. నర్మదా లోయలో జనం ఆ నదీమతల్లిని కొలుస్తూ పాడుకునే పాట అతని వెంట వచ్చి ‘మా రేవా’ అయింది. ‘హిల్లేలే’ భోజ్‌పురి కవి గోరఖ్ పాండే రాసిన ఉద్యమ గీతం. ఉద్యమ పాట సినిమాకెక్కడం మనవాళ్లకు తెలిసిందే. ‘మా భూమి’లో గద్దర్ పాడిన ‘బండెనక బండి కట్టి’ ఇంటింటికీ చేరింది. ఢిల్లీలో అదే రకం పాట సినిమా అండ లేకుండా గిటారు, తబలాల మీద నిలబడింది.

1997 జనవరి 1న ఢిల్లీలో సఫ్దర్ హష్మీ స్మారక సభలో వాయించినదాన్ని రికార్డు చేసి ‘డెజర్ట్ రెయిన్’గా అదే ఏడాది విడుదల చేశారు. వీధి నాటకం ఆడుతుండగా దాడికి గురై ప్రాణాలు కోల్పోయిన కళాకారుడి పేరిట జరిగే సభ అది. స్టూడియోలో లేని వేడి ఆ రికార్డింగులో ఉంది. 2000లో ‘కందీసా’ వచ్చింది. కేరళ సిరియన్ క్రైస్తవుల ప్రాచీన ప్రార్థన దాని ముఖ్య గీతం. మాటలు అర్థం కానివాళ్లు కూడా దాన్ని కళ్లు మూసుకుని విన్నారు. బ్యాండ్ పుట్టి అప్పటికి పదేళ్లు. ఆ పదేళ్ల ఓపిక లేకపోతే ‘కందీసా’ లేదని నా గట్టి నమ్మకం.

దేశమంతా వీళ్ల గొంతు విన్నది మాత్రం ‘బ్లాక్ ఫ్రైడే’ సినిమాలోని ‘బందే’తో. పీయూష్ మిశ్రా రాశాడు. 1993 బొంబాయి పేలుళ్ల మీద అనురాగ్ కశ్యప్ తీసిన ఆ సినిమా కోర్టులో చిక్కుకుని 2007లో గానీ థియేటర్లకు రాలేదు. పాట అంతదాకా ఆగలేదు, ముందే జనంలోకి వెళ్లిపోయింది.

2009 డిసెంబర్ 25న అషీమ్ పోయాడు. అప్పటికే అతను పాడి పెట్టిన పాటలతో 2010లో ఆల్బమ్ వచ్చింది. దాని పేరు ఆ సాధన చేసిన ఇంటి చిరునామాయే: ‘16/330 ఖజూర్ రోడ్’. కంపెనీల చేతుల్లో పెట్టకుండా, ఏడు పాటల్నీ నెలకొకటి చొప్పున ఇంటర్నెట్‌లో ఉచితంగా ఇచ్చేశారు. జీవనం కచేరీల మీద సాగుతుంది, పాట మాత్రం అందరిదీ కావాలి అన్న లెక్క అది. మన దేశంలో అంత ధైర్యం చేసిన పేరున్న బ్యాండ్లు అప్పటికి అరుదు. 2013లో సుస్మిత్ కూడా బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు. మొదలుపెట్టిన ఇద్దరూ లేని బ్యాండ్ ఆగిపోవాలి. ఆగలేదు. అషీమ్ పోయాక హిమాంశు జోషి, తుహీన్ చక్రవర్తి, సుస్మిత్ వెళ్లాక నిఖిల్ రావ్ చేరారు. 2015లో ‘మసాన్’ సినిమాకు సంగీతం ఇచ్చారు, 2023లో ‘తూ హై’ ఆల్బమ్ తెచ్చారు.

హైదరాబాద్‌లోనూ చౌరస్తా లాంటి బ్యాండ్లు సినిమా బయట తెలుగు పాటను నిలబెట్టే పని చేశాయి. వినదలచినవాళ్లు ఇండియన్ ఓషన్‌ని ‘డెజర్ట్ రెయిన్’తో మొదలుపెట్టి ‘కందీసా’కి రండి. ఆ తర్వాత మీ ఊళ్లో సొంత పాటలు వాయించే కుర్రాళ్లెవరైనా కచేరీ పెడితే, టికెట్టు కొనుక్కుని వెళ్లండి.