గీతల నడుమ కోణం: కృష్ణా గోదావరుల అడవి సర్వే నుంచి సైన్ ఎన్‌కోడర్ దాకా

కీలకపదాలు: జ్యా పట్టిక, అంతర్వేశనం, థియొడొలైట్, సైన్ ఎన్‌కోడర్, ఖమ్మం అటవీ ప్రాంతం.

ఉపోద్ఘాతం

చక్రం అంచున ఎన్ని గీతలు గీసినా, కొలవవలసిన బిందువు సాధారణంగా రెండు గీతల నడుమనే పడుతుంది. ఆ నడిమి విలువను నిర్ణయించే పద్ధతిని తెలుగు పాఠ్యగ్రంథాలు అంతర్వేశనం అంటాయి. నేటి మోటారు నియంత్రణ వ్యవస్థల్లో సైన్ ఎన్‌కోడర్‌తో జరిగే పని ఇదే. దీని పూర్వచరిత్రలో ఒక ఘట్టం కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో నడిచింది. ఖమ్మం నుంచి భద్రాచలం ఎదుటి ఒడ్డు వరకు ఉన్న నేల ఆ నడిమి భూభాగంలోనిదే. కొలత లోపాన్ని నాటి సర్వేయర్లు ఎలా ఎదుర్కొన్నారు, నేటి యంత్రంలో అదే లోపం ఏమవుతుంది అన్నవి ఈ వ్యాసంలో చర్చనీయాంశాలు.

జ్యా పట్టిక

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయం 225 కలల ఎడంతో 24 జ్యలను ఇచ్చింది; అక్కడ వ్యాసార్ధం 3438 కలలు. బ్రహ్మగుప్తుడు 665లో రచించిన ఖండఖాద్యకంలో ఎడాన్ని 900 కలలకు పెంచి ఆరు జ్యలతో సరిపెట్టాడు. నడిమి విలువల కోసం ద్వితీయ భేదాలను వాడుకొనే సూత్రం చెప్పాడు. పట్టిక చిన్నదైనా సూత్రం బలమైనదైతే చాలునన్న దృష్టి ఇందులో స్పష్టం. గణిత గ్రంథమనగానే మనకు పావులూరి మల్లన గుర్తుకు వస్తాడు గాని, ఆయన తెనిగించిన మహావీరాచార్యుని గ్రంథం ఖగోళం జోలికి పోలేదు. కనుక ఈ చర్చకు అది ఆకరం కాదు.

అడవిలో కోణాలు

విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఆధార రేఖను కొలిచాడు. ఆయన వాడిన పెద్ద థియొడొలైట్ లండన్‌లో కేరీ తయారుచేసినది. దాని చక్రం వ్యాసం 36 అంగుళాలు, బరువు దాదాపు అర టన్ను. చక్రం మీది గీతల నడుమ భాగాన్ని సూక్ష్మదర్శినికి అమర్చిన మైక్రోమీటర్ మరతో చదివేవారు. ఎదురెదురు సూక్ష్మదర్శినుల పాఠాల సగటు తీస్తే, చక్ర కేంద్రం ఇరుసు నుంచి తొలగడం వల్ల వచ్చే దోషం రద్దవుతుంది. 1808లో తంజావూరు ఆలయ గోపురం మీదికి ఎక్కిస్తుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని చక్రం వంకరపోయింది. లాంబ్టన్ ఒక పలక మీద సరిగా చక్రమంత వృత్తాన్ని కోసి, చీలలతో, మరలతో దానిని కొద్దికొద్దిగా యథాస్థితికి లాగాడు. ఈ పనికి వారాలు పట్టింది. గీతలు తప్పితే గీతల నడిమి సూక్ష్మతకు అర్థం లేదని ఆయనకు తెలుసు.

జార్జ్ ఏవరెస్ట్ 1818 చివర హైదరాబాదులో లాంబ్టన్ వద్ద చేరాడు. మరుసటి ఏడు కృష్ణా గోదావరుల నడిమి అడవుల్లో త్రిభుజాలల్లే పని ఆయనకు అప్పగించారు. వానకాలపు జ్వరం ఆయనను, భూవిజ్ఞాని వాయిసీని, బృందంలో అనేకులను పడగొట్టింది. కోలుకోవడానికి ఏవరెస్ట్ 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్ళాడు. ఆయన జ్వరం జీవితచరిత్రలకెక్కింది. చెట్లు నరికి చూపు దారి తీసినవారిలో, గుట్టల మీద జెండాలు పట్టినవారిలో చాలామంది పేర్లు ఆ కథనాల్లో లేవు. కోణాల కచ్చితత్వాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ వెలితిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సైన్ ఎన్‌కోడర్ అమరిక

ఎన్‌కోడర్‌లో తిరిగే గాజు చక్రం మీద, ఉదాహరణకు, 2048 గీతలుంటాయి. పూర్తి చుట్టు 12,96,000 వికలలు కనుక ఒక్కొక్క ఎడం సుమారు 633 వికలలు. కాంతి గ్రాహకాలు జ్య, కోజ్య రూపంలో రెండు సంకేతాలను ఇస్తాయి. శిఖరం నుంచి శిఖరానికి ఒక్కొక్కటి సాధారణంగా 1 వోల్టు. వాటి నిష్పత్తి నుంచి విలోమ టాంజెంట్ ద్వారా నడిమి కోణం తేలుతుంది. ఎడాన్ని 4096 భాగాలు చేస్తే చుట్టుకు 83,88,608 స్థానాలు లభిస్తాయి. అయితే ఇవి విభజన సంఖ్యలే. నిజమైన కచ్చితత్వం వేరు.

అమర్చేవారు ఇరుసును మెల్లగా తిప్పుతూ, రెండు సంకేతాలను ఆసిలోస్కోపులో ఒకదానికెదురుగా ఒకటి గీయిస్తారు. వృత్తం రావాలి. కేంద్రం జరిగితే ఆఫ్‌సెట్ దోషం. అడ్డంగానో నిలువుగానో సాగితే పరిమాణ భేదం. ఏటవాలు దీర్ఘవృత్తమైతే దశ 90 డిగ్రీలు కాలేదని అర్థం. ఒక సంకేతంలో ఆఫ్‌సెట్ పరిమాణంలో 1 శాతమున్నా, పై చక్రంలో సుమారు ఒక వికల మేర తప్పు ప్రతి గీతకు ఒకసారి వస్తుంది. మిగిలిన రెండు దోషాలు గీతకు రెండుసార్లు అలలు లేపుతాయి. దీర్ఘవృత్తాన్ని లెక్క ద్వారా వృత్తంగా సరిదిద్దే పద్ధతిని హైడెమాన్ 1981లో ప్రకటించాడు. మొదట అది కాంతి వ్యతికరణ మాపకాల కోసం చెప్పినది.

సర్వేలోని తప్పు పుస్తకంలో అంకెగా ఉండిపోతుంది. తరువాత ఎవరైనా మళ్ళీ లెక్కించి దిద్దవచ్చు. ఎన్‌కోడర్ తప్పు అలా ఉండదు. నియంత్రకం దానిని నిజమైన కదలికగా నమ్మి, దిద్దబోయి, ఇరుసును నిజంగానే కదుపుతుంది. వేగాన్ని స్థానంలోని మార్పు నుంచే గణిస్తారు కనుక చిన్న అల కూడా వేగంలో కుదుపై కనిపిస్తుంది, మోటారు గుంయ్‌మంటుంది. భద్రాచలం ఎదుట సారపాకలో కాగితపు మిల్లు ఉంది. కాగితపు యంత్రాల్లో వరుస రోలర్ల వేగాలు ఒకదానికొకటి సరిపోకపోతే కాగితం వదులవుతుంది లేదా తెగుతుంది. అటువంటి చోట ఈ విషయం ఊహామాత్రం కాదు.

దిద్దుబాటు విలువలను చల్లని యంత్రం మీద ఒకసారి చూసి వదిలేయరాదు. మోటారు పూర్తి భారంతో నడిచి వేడెక్కాక సంకేతాల పరిమాణం, ఆఫ్‌సెట్ రెండూ మారవచ్చు. కనుక అదే వృత్తాన్ని అప్పుడు మళ్ళీ గీయించి, ఉదయం గీయించినదాని పక్కన పెట్టి చూడాలి.